జర్మనీలో పిల్లల నాటకానికి దర్శకుడు కావడమంటే

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హైదరాబాద్‌లో నాటక కళలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నారు. జర్మనీ వెళ్లి పిల్లలకు, పదిహేను పదహారేళ్ల వయసువారికి నాటకాలు చేయించే దర్శకురాలు కావాలని మీ కోరిక. "పిల్లల నాటకంతో మొదలుపెడితే అక్కడే ఉండిపోతావు, పెద్ద వేదిక నిన్ను పిలవదు" అని మీ గురువుల్లో ఒకరు హెచ్చరించారు. అది నిజమేనా, అక్కడ ఇలాంటి దర్శకుల జీవితం ఎలా సాగుతుంది అని అడిగారు. నేను రెండు జర్మన్ నగర థియేటర్ల యువ విభాగాల్లో కలిపి తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట సహాయ దర్శకుడిని, ఆ తర్వాత దర్శకుడిని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ గురువుగారి మాటలో సగం నిజం ఉంది. అక్కడే ఉండిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఇష్టపడి ఉండిపోయినవాళ్లే. ఆ ఇష్టం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా మిగతా వివరాలు ఎన్ని చెప్పినా మీకు ఉపయోగం ఉండదు.

ముందుగా ఒక అపార్థాన్ని తొలగించాలి. మన దగ్గర బాలల నాటిక అనగానే బడి వార్షికోత్సవం కళ్ల ముందు మెదులుతుంది. పిల్లలు వేషం కడతారు, పెద్దలు కింద కూర్చుని చూస్తారు. జర్మనీలో పిల్లల, యువ నాటకరంగం ప్రధానంగా దీనికి తలకిందులు. శిక్షణ పొందిన, జీతం తీసుకునే నటీనటులు వేదిక మీద ఉంటారు, పిల్లలు ప్రేక్షకులుగా కూర్చుంటారు. ఆరేళ్ల అబ్బాయి పాత్రను నలభై ఏళ్ల నటుడు వేస్తాడు, ఆ అబ్బాయిని ఎగతాళి చేయకుండా వేస్తాడు. అక్కడి పిల్లలు స్వయంగా నటించే యువ క్లబ్బులూ ఉంటాయి, వాటిని నడిపేది ఎక్కువగా థియేటర్ బోధకులు. మీరు దర్శకత్వం అంటున్నది మొదటి రకం గురించే అనుకుని ముందుకు వెళ్తాను.

ఒక్కరి ప్రయాణాన్ని దగ్గరగా చూస్తే మీకు చాలా విషయాలు అర్థమవుతాయి. ఆండ్రెయా గ్రోనెమాయర్ పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఆమె కొలోన్ నగరంలోని కొమేడియా థియేటర్‌లో పిల్లల నాటకాలు చేసి, 2002లో మాన్‌హైమ్ జాతీయ థియేటర్‌లోని యువ విభాగానికి అధిపతిగా వెళ్లారు. ఆ విభాగం పేరు ష్నావ్ల్. ఆ ప్రాంతపు యాసలో పక్షి ముక్కు అని అర్థం. మాన్‌హైమ్ జాతీయ థియేటర్ అంటే చిన్న సంగతి కాదు. 1782 జనవరి 13న ప్రసిద్ధ జర్మన్ నాటకకర్త షిల్లర్ తొలి నాటకం మొదటిసారి ప్రదర్శించింది అక్కడే, అప్పటికి షిల్లర్ వయసు ఇరవై రెండేళ్లు. అలాంటి సంస్థలో ఒపేరా, నృత్యం, పెద్దల నాటకంతో పాటు పిల్లల నాటకం నాలుగో విభాగంగా నిలబడింది. దానికి పాత అగ్నిమాపక కేంద్రపు భవనంలో సొంత వేదిక ఉండేది. గ్రోనెమాయర్ అక్కడ పదిహేనేళ్లు ఉన్నారు. 2006లో పిల్లల కోసం యువ ఒపేరాను మొదలుపెట్టారు. 2017లో మ్యూనిక్ వెళ్లి, ఎలిజబెత్ కూడలిలోని షావ్‌బుర్గ్ అనే నగర యువ థియేటర్‌కు ఇంటెండాంట్, అంటే సర్వాధికారి అయ్యారు.

ఈ వరుసను మరోసారి చూడండి. కొలోన్, మాన్‌హైమ్, మ్యూనిక్. ఎక్కడా పెద్దల నాటకానికి "ఎదిగిపోవడం" లేదు. ప్రతి మజిలీలోనూ ప్రేక్షకులు పిల్లలే. పెరిగింది బాధ్యత: వేదిక పెద్దదైంది, బృందం పెద్దదైంది, నిర్ణయాధికారం పెరిగింది. మన దగ్గర ఎదుగుదల అంటే చిన్నదాన్ని వదిలి పెద్దదానిలోకి వెళ్లడం అనుకుంటాం. అక్కడి యువ నాటకరంగంలో వదలకుండానే ఎదగవచ్చు. మీ గురువుగారి హెచ్చరికకు నా జవాబు ఇదే.

ఆమె ప్రయాణంలో మనకు దగ్గరి సంబంధమూ ఉంది. బెంగళూరులోని రంగశంకర అనే నాటకశాలతో కలిసి ష్నావ్ల్ నాటకాలు చేసింది. 2011లో వచ్చిన 'సూట్‌కేసు అబ్బాయి' అనే నాటకానికి దర్శకత్వం గ్రోనెమాయర్‌దే. యుద్ధం నుంచి పారిపోయి, అన్నా అక్కల దగ్గరికి లండన్ చేరాలని బయల్దేరిన ఒక అబ్బాయి కథ అది. రచన బ్రిటిష్ నాటకకర్త మైక్ కెన్నీది. భారతీయ, జర్మన్ నటులు, సంగీతకారులు ఒకే వేదిక మీద చేశారు. మీరు వీసా కాగితాల మీద కూర్చునే ముందు బెంగళూరు రైలెక్కి, ఆ బృందాలతో పనిచేసిన నటులెవరినైనా కలిసి మాట్లాడండి. ఒక జర్మన్ దర్శకురాలు రిహార్సల్ గదిలో ఏం అడుగుతుందో వాళ్లు చెప్పినంత బాగా నేను చెప్పలేను.

ఇక ఈ రంగానికి వెన్నెముక ఎక్కడిదో చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ తూర్పు వైపున సోవియట్ ప్రభావంతో ప్రభుత్వమే పిల్లల థియేటర్లు పెట్టింది. లైప్‌జిగ్‌లో 1946లో, డ్రెస్డెన్‌లో 1949లో, తూర్పు బెర్లిన్‌లో 1950లో. పడమర వైపున మాత్రం చాలాకాలం పిల్లల నాటకమంటే క్రిస్మస్ ముందు ఏడాదికొకసారి వేసే రాకుమారుల కథే. ఆ అలవాటును విరగ్గొట్టింది బెర్లిన్‌లోని గ్రిప్స్ థియేటర్.

గ్రిప్స్ అంటే చురుకైన బుర్ర. ఫోల్కర్ లుడ్విగ్ అనే కాబరే (వేదిక మీద ఆడే వ్యంగ్య ప్రదర్శన) రచయిత 1966లో పశ్చిమ బెర్లిన్‌లో మొదలుపెట్టిన పిల్లల బృందం 1972లో ఈ పేరు పెట్టుకుంది. 1974లో హన్సా కూడలిలోని ఒక పాత సినిమా హాల్లోకి మారింది. వాళ్ల నాటకాల్లో రాజులు, రాక్షసులు ఉండరు. ఇరుకు ఇళ్లు, అరిచే ఇంటి యజమాని, ఆడుకోవడానికి చోటు లేని వీధి, వేరే దేశం నుంచి వచ్చిన పక్కింటి అబ్బాయి ఉంటారు. పిల్లలు తమ జీవితాన్ని వేదిక మీద చూస్తారు, దాన్ని మార్చవచ్చని కూడా చూస్తారు. అప్పట్లో ఈ నాటకాలకు పిల్లల్ని తీసుకెళ్లకూడదని రాజకీయ నాయకులు అడ్డుపడ్డారు. కూర్చున్న పిల్లల్ని ప్రశ్న అడిగే పౌరులుగా చూసినందుకే అంత కోపం. నాకు ఆ థియేటర్ మీద ఉన్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడ దర్శకుడిగా పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ కోల్నెడర్ చేతుల్లో 1986 ఏప్రిల్ 30న 'లైన్ 1' అనే సంగీత నాటకం పుట్టింది. రచన లుడ్విగ్, సంగీతం బిర్గర్ హైమాన్. ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి బెర్లిన్ మెట్రో రైల్లో తిరుగుతూ తన ప్రేమికుణ్ని వెతుక్కుంటుంది, ఆ బోగీలో నగరమంతా ఎక్కి దిగుతుంది. యువత కోసం చేసిన నాటకం దేశాలు దాటింది. దక్షిణ కొరియాలో కిమ్ మిన్ కీ దాన్ని సియోల్ నగరపు కథగా తిరగరాసి 1994 నుంచి 4,000 సార్లకు పైగా ఆడించారు. ఒక యువ నాటకం ఎంత దూరం వెళ్లగలదో అడిగేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఆ కోల్నెడరే పుణేకు వచ్చి మరాఠీ నటులతో పనిచేశారు. మానసిక వైద్యుడూ నటుడూ అయిన మోహన్ అగాషే చొరవతో, జర్మన్ సాంస్కృతిక కేంద్రమైన మాక్స్ ముల్లర్ భవన్ తోడ్పాటుతో గ్రిప్స్ పద్ధతి అక్కడ పాతుకుంది. పెద్దవాళ్లు పిల్లల పాత్రలు వేసే ఆ మరాఠీ నాటకాలు చూసి పెరిగిన తరం ఒకటి పుణేలో ఉంది. తెలుగులో అలాంటిది ఇంకా వేళ్లూనుకోలేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మీరు తిరిగి వచ్చి చేయగలిగిన పని అక్కడ ఉంది.

ఇక మీరు రోజూ చూడబోయే పని ఎలా ఉంటుందో చెబుతాను.

మొదటి మెట్టును హోస్పిటాంట్స్ అంటారు. ఒక్క నాటకం తయారయ్యే ఆరేడు వారాలు రిహార్సల్ గదిలో కూర్చుని చూడటం, కాఫీ పెట్టడం, పోగొట్టుకున్న సామాను వెతికి తేవడం. డబ్బు ఉండదు లేదా దారి ఖర్చులకు సరిపోయేంత ఉంటుంది. దాని తర్వాతి మెట్టు రెజీ అసిస్టెంట్స్, అంటే సహాయ దర్శకత్వం. ఇది జీతమున్న ఉద్యోగం, సాధారణంగా రెండు మూడేళ్లు. అసలు చదువంతా ఇక్కడే.

సహాయ దర్శకుడి చేతిలో ఒక లావు పుస్తకం ఉంటుంది, రెజీబూహ్ అంటారు. ఒక పేజీలో నాటకపు పాఠం, ఎదుటి పేజీ తెల్లగా. ఆ తెల్ల పేజీలో ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారో, ఏ మాట మీద దీపం మారిందో, కుర్చీ ఎడమ కాలు ఏ గుర్తు మీద ఉండాలో పెన్సిలుతో రాయాలి. పెన్నుతో రాస్తే మొదటి రోజే మందలిస్తారు, ఎందుకంటే రేపు అంతా మారిపోతుంది. తొలి ప్రదర్శన అయిన మర్నాడు దర్శకుడు వేరే ఊరికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత మూడేళ్లపాటు ఆ నాటకం ఆడినా దాన్ని కాపాడేది ఆ పుస్తకం, ఆ సహాయ దర్శకుడు. నటుడికి జ్వరం వస్తే రాత్రికి రాత్రి మరొకరికి పాత్ర నేర్పించేది కూడా ఆ పుస్తకంతోనే.

రిహార్సళ్లు మొదలవడానికి కొన్ని నెలల ముందే బావ్‌ప్రోబె ఉంటుంది. వేదిక మీద అసలు సెట్టు బదులు చెక్క బద్దలు, పాత గుడ్డలు నిలబెట్టి కొలతలు చూస్తారు. గోడ ఇక్కడుంటే మూడో వరుసలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు కనిపిస్తుందా అని మా దర్శకురాలు ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని చూసేది. పెద్దల నాటకంలో ఆ ఎత్తు నుంచి చూడటం నేనెప్పుడూ చూడలేదు.

జర్మన్ థియేటర్లలో రిహార్సళ్లు మామూలుగా ఉదయం పది నుంచి రెండు వరకు, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి పది వరకు. యువ థియేటర్‌లో ఈ లెక్క కుదరదు, ఎందుకంటే ఉదయం పదకొండు గంటలకు నాలుగు బడుల పిల్లలు హాల్లో ఉంటారు. అదే నటులు అప్పుడు ఆడుతూ, మధ్యాహ్నం కొత్త నాటకం రిహార్సల్ చేయాలి. చలికాలంలో ఇది చాలా కష్టం. శరీరం దెబ్బతింటుంది, ముందే చెబుతున్నాను.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనది రిహార్సల్ తరగతి. నాటకం సగం తయారయ్యాక, ఆ వయసు పిల్లలున్న ఒక తరగతిని పిలిచి చూపిస్తారు. నేను సహాయ దర్శకుడిగా ఉన్న రెండో ఏడాది తల్లిదండ్రులు విడిపోయే ఒక కథ చేస్తున్నాం. నాలుగో వారంలో ఐదో తరగతి పిల్లలు వచ్చారు. తల్లి వంటగదిలో నిలబడి మూడు నిమిషాలు ఉత్తరం చదివే ఘట్టం మాకందరికీ ఎంతో ఇష్టం. నటి గొప్పగా చేసింది. సరిగ్గా అక్కడే పిల్లల జాకెట్లు గరగరలాడటం మొదలైంది. నేను పుస్తకంలో ఆ వరుస పక్కన సమయం రాసుకున్నాను. ప్రదర్శన తర్వాత మాట్లాడుకుంటుంటే ఒక అమ్మాయి అడిగింది: "ఆ అబ్బాయి గదిలోంచి వెళ్లిపోయాడు కదా, ఎక్కడికి వెళ్లాడు?" ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. కథలో ఆ అబ్బాయి కేవలం తన గదికి వెళ్లాడు, మేము అతన్ని మరచిపోయాం. పిల్లలు మాత్రం అతనితోపాటు వెళ్లిపోయారు, తల్లి ఉత్తరాన్ని వాళ్లు వినలేదు.

మర్నాడు దర్శకురాలు ఉత్తరాన్ని నలభై సెకన్లకు కోసింది. అబ్బాయిని బయటికి పంపకుండా బల్ల కింద కూర్చోబెట్టింది. తల్లికి అతను అక్కడున్నాడని తెలియదు, ప్రేక్షకులకు తెలుసు. తర్వాత రెండేళ్లపాటు ఆడిన ప్రతి ప్రదర్శనలోనూ ఆ నలభై సెకన్లలో హాల్లో చిన్న చప్పుడు కూడా వినిపించలేదు. దర్శకత్వం గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఆ రోజు నేర్చుకున్నదే. పెద్దల ప్రేక్షకులు విసుగు పుట్టినా మర్యాదగా కూర్చుంటారు, చివర చప్పట్లు కొడతారు, దాంతో దర్శకుడికి తన తప్పు తెలియదు. పిల్లలు ఆ మర్యాద చూపరు. ఇరవై ఏళ్లు వాళ్ల ముందు పనిచేసిన దర్శకులు అంత సూటిగా చెప్పడం ఎలా నేర్చుకుంటారో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

మరో రూపమూ ఉంది, తరగతి గది నాటకం. ఒక నటుడు లేదా ఇద్దరు నేరుగా బడికి వెళ్లి, నలభై ఐదు నిమిషాల పిరియడ్‌లో, నల్లబల్ల ముందు ఆడతారు. దీపాలు లేవు, తెర లేదు, వెనక వరుస కుర్రాడు కిటికీలోంచి చూస్తుంటాడు. కొత్త దర్శకులకు తరచుగా ఇచ్చే మొదటి అవకాశం ఇదే. చిన్నదని నిరుత్సాహపడకండి. దాచుకోవడానికి ఏమీ లేని చోట మీ పని మొత్తం బయటపడుతుంది.

చదువు గురించి అడిగారు. బెర్లిన్‌లోని ఎర్న్‌స్ట్ బుష్, హాంబుర్గ్, ఫ్రాంక్‌ఫుర్ట్, ఎస్సెన్, లుడ్విగ్స్‌బుర్గ్‌లలో దర్శకత్వం నేర్పే ప్రభుత్వ విద్యాసంస్థలున్నాయి. సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్ష కఠినం, జర్మన్ భాష బాగా రావాలి. హిల్డెస్‌హైమ్, గీసెన్ విశ్వవిద్యాలయాల్లో నాటకాన్ని సిద్ధాంతం, ఆచరణ కలిపి చదవవచ్చు. యువ రంగంలో నేను కలిసిన దర్శకుల్లో గణనీయమైన భాగం దర్శకత్వం బడిలో చదవనివాళ్లు. సహాయ దర్శకత్వం ద్వారానో, థియేటర్ బోధన ద్వారానో వచ్చినవాళ్లు. ఒక చిన్న సమాచారం: లుడ్విగ్స్‌బుర్గ్ ఉన్న బాడెన్ వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. లెక్కలో పెట్టుకోండి.

ఉద్యోగ భద్రత సంగతి నిజాయితీగా చెబుతాను. థియేటర్లలో కళాకారుల ఒప్పందాలు ఒక్కో సీజన్‌కు ఉంటాయి. ఆ ఏడాది అక్టోబర్ 31 లోపు "మీ ఒప్పందం పొడిగించడం లేదు" అని చెప్పకపోతే మరో సీజన్‌కు తనంతట తానే కొనసాగుతుంది. అందుకే అక్టోబర్ నెలంతా క్యాంటీన్‌లో ఎవరి ముఖంలోనూ నవ్వు కనిపించదు. కొత్త ఇంటెండాంట్ వస్తే తన బృందాన్ని తెచ్చుకుంటాడు, పాతవాళ్లు సర్దుకోవాలి. నాకు అలాగే జరిగింది. ఏడేళ్లు పనిచేసిన ఒక థియేటర్‌లో అధిపతి మారాక ఒక పేజీ ఉత్తరం ఇచ్చారు. మూడు నెలలు దేని మీదా మనసు పెట్టలేకపోయాను. తర్వాత ఇంకో నగరం పిలిచింది. ఒకే థియేటర్‌లో పదిహేనేళ్లు దాటితే తీసేయడం చాలా కష్టమవుతుంది, కాబట్టి కొన్నిచోట్ల ఆ గడువుకు ముందే సాగనంపుతారు. ఇవన్నీ తెలిసి వెళ్లడం మంచిది.

స్వతంత్రంగా పనిచేసేవాళ్లకు ఒక అండ ఉంది. 1983 నుంచి నడుస్తున్న కళాకారుల సామాజిక బీమా నిధి. ఆరోగ్య బీమా, పింఛను చందాలో కళాకారుడు సగమే కడతాడు. మిగతా సగం కేంద్ర ప్రభుత్వమూ, కళాకారులను వాడుకునే సంస్థలూ భరిస్తాయి. ఏడాదికి కళ ద్వారా 3,900 యూరోలకు పైగా సంపాదిస్తున్నట్టు చూపాలి. ఈ నిధి లేకపోతే అక్కడి చిన్న బృందాల్లో సగం మూతపడేవని నా నమ్మకం.

డబ్బు విషయంలో యువ రంగం పెద్దల రంగం కన్నా వెనకబడి ఉంది. అదే పరిమాణపు పనికి అతిథి దర్శకుడి పారితోషికం తక్కువ ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. అది అన్యాయమే, దాని గురించి అక్కడి కళాకారులు గట్టిగానే పోరాడుతున్నారు. గౌరవం మాత్రం పెరుగుతోంది. 2006 నుంచి ఇస్తున్న డెర్ ఫౌస్ట్ అనే జాతీయ పురస్కారంలో పిల్లల, యువ నాటక దర్శకత్వానికి విడిగా ఒక విభాగం ఉంది. బెర్లిన్‌లో రెండేళ్లకోసారి దేశంలోని మంచి యువ నాటకాలన్నీ ఒకచోట చేరే ఉత్సవం 1991 నుంచి జరుగుతోంది. ఇద్దరు కుర్రాళ్లు దొంగిలించిన కారులో వేసవి సెలవులు గడిపే 'చిక్' అనే నవలకు నాటక రూపం 2012-13 సీజన్‌లో జర్మనీ మొత్తం మీద ఎక్కువసార్లు ఆడిన నాటకం, 764 ప్రదర్శనలు. పెద్దల వేదిక, యువ వేదిక మధ్య గోడ అంత గట్టిది కాదని అది చూపించింది.

ఒక చిన్న మర్యాద గుర్తుపెట్టుకోండి. తొలి ప్రదర్శన ముందు అందరూ ఒకరి ఎడమ భుజం మీదుగా ఒకరు "తోయ్ తోయ్ తోయ్" అంటారు, ఉమ్మినట్టు. దానికి ధన్యవాదాలు చెప్పకూడదు, అశుభం అంటారు. నేను మొదటిసారి చెప్పేశాను. మా సౌండ్ మనిషి నన్ను గది బయటికి పంపి మళ్లీ రమ్మన్నాడు.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఈ ఏడాది జర్మన్ భాషను సీరియస్‌గా మొదలుపెట్టండి, హైదరాబాద్‌లో గోథే సెంటర్ ఉంది. పిల్లలతో మాట్లాడే జర్మన్ వేరు, పుస్తకంలోని జర్మన్ వేరు, రెండూ కావాలి. పుణే, బెంగళూరు వెళ్లి పిల్లల నాటకాలు చూడండి, వేదికను కాకుండా పిల్లల్ని చూడండి. ఏ క్షణంలో కాళ్లు ఊపడం మొదలైందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత మూడు నాలుగు యువ థియేటర్లకు హోస్పిటాంట్స్ కోసం ఉత్తరం రాయండి. ఆ ఉత్తరంలో "నాకు పిల్లలంటే ఇష్టం" అని మాత్రం రాయకండి, ప్రతి ఉత్తరంలోనూ అదే ఉంటుంది. మీరు చూసిన ఒక ప్రదర్శనలో పిల్లలు ఎక్కడ జారిపోయారో, మీరైతే అక్కడ ఏం మార్చేవారో రాయండి. అరపేజీ చాలు. పంపేముందు నాకు చూపించాలనుకుంటే ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.